చిన్న పొట్టకు చిక్కటి తిండి: బరువు తగ్గే సర్జరీ తర్వాత రోజుకు 70 గ్రాముల ప్రోటీన్ ఎలా?

మన ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే వంటింట్లో మొదట జరిగే పని తిండిని పలచన చేయడం. రాగిజావ, పప్పుకట్టు, మిరియాల చారు, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఎముకల సూపు. తేలిగ్గా అరగాలని, ప్రేమతోనే ఇస్తారు. మిగతా ఆపరేషన్లకు ఆ పథ్యం సరిపోతుందేమో గానీ స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసేది), గ్యాస్ట్రిక్ బైపాస్, మినీ బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి పేగు కింది భాగానికి కలిపేవి) వంటి బరువు తగ్గే సర్జరీలకు మాత్రం నష్టం చేస్తుంది. స్లీవ్ తర్వాత మిగిలే పొట్టలో 100–150 మిల్లీలీటర్లు పడుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కొత్తగా చేసే సంచి మొదట్లో 30 మిల్లీలీటర్లే. అంత చిన్న చోటును చారుతో నింపేస్తే ప్రోటీన్‌కు జాగా మిగలదు.

ఒక లెక్క చూడండి. నలుగురికి లీటరు పప్పుచారు కాచడానికి 50 గ్రాముల కందిపప్పు వేశారనుకుందాం. ఆ పప్పులో ఉన్న ప్రోటీన్ అంతా కలిపి 11 గ్రాములు. 150 మిల్లీలీటర్ల కప్పు తాగితే ఒంటికి చేరేది గ్రామున్నర పైచిలుకు. రోజుకు కావలసిన 70 గ్రాములు ఆ చారుతోనే రావాలంటే ఆరు లీటర్లు దాటి తాగాలి. అదే పప్పును రెండింతల నీళ్లతోనే ఉడికించి మెత్తగా మెదిపితే రెండు గరిటెల ముద్దలో ఐదు గ్రాముల దాకా వస్తాయి. పప్పు అదే, కుక్కరూ అదే, తేడా నీళ్లలో ఉంది. సర్జరీ తర్వాతి వంటకు ఇదే సూత్రం: ఏది వండినా చిక్కబెట్టాలి.

మీకు ఎంత కావాలి

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో ఉంది. సర్జరీ అయినవారికి అది చాలదు. కనీసం 60 గ్రాములు, అక్కడి నుంచి ఆదర్శ బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాముల వరకు అనేది బేరియాట్రిక్ (బరువు తగ్గే సర్జరీ) వైద్యులు పాటించే లెక్క. ఇప్పుడు తూకం చూపే 110 కిలోలతో గుణించకూడదు. ఉండాల్సిన బరువుతోనే గుణించాలి.

ఉండాల్సిన బరువు తెలియాలంటే ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 23తో హెచ్చవేయండి. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 1.6 × 1.6 × 23, అంటే దాదాపు 59 కిలోలు. కాబట్టి వారికి 60 నుంచి 88 గ్రాముల మధ్య ఎక్కడైనా సరే. ఆడవారు చాలామంది 60–80 మధ్య, మగవారు 70–90 మధ్య పడతారు. పేగును ఎక్కువ పొడవు దాటించే బైపాస్‌లలో తిన్న ప్రోటీన్ కూడా పూర్తిగా ఒంటపట్టదు. అలాంటివారికి సర్జన్, డైటీషియన్ ఇంకా పెద్ద అంకె చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, క్రియాటినిన్ ఎక్కువున్నవారు ఇక్కడి అంకెలు పక్కనపెట్టి తమ నెఫ్రాలజిస్టు చెప్పిన అంకెనే పట్టుకోవాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే మొదటి నెలల్లో రోజంతా తినేది ఆరేడు వందల క్యాలరీలే. శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, దాంతోపాటు కండనూ కరిగించుకుంటుంది. కొవ్వును దాచుకున్నట్టు ప్రోటీన్‌ను విడిగా దాచుకునే చోటు ఒంట్లో లేదు, దానికి ఉన్న నిల్వ కండరాలే. తూకంలో అంకె తగ్గుతోందని సంతోషిస్తుంటే, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనాల్సి వచ్చే రోజు వచ్చేస్తుంది. రోజూ అందే ప్రోటీన్ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది.

కొలత లేకుండా కుదరదు

వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొనండి. ఒక గ్రాము తేడా చూపేది చాలు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. మొదటి ఆరు నెలలు ఇది మందుల డబ్బా అంత ముఖ్యం. దాని పక్కనే ఈ అంకెలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అన్నీ ఉజ్జాయింపు, రోజువారీ లెక్కకు సరిపోతాయి.

కోడిగుడ్డు ఒకటి 6 గ్రాములు, తెల్లసొన మాత్రమే అయితే మూడున్నర. ఎముక లేని ఉడికిన కోడిమాంసం 100 గ్రాములకు 27. ఉడికిన చేప 100 గ్రాములకు 20–22. పనీర్ 18–19. పాలు, పెరుగు 100 గ్రాములకు మూడు, మూడున్నర. వెన్న తీసిన పాలపొడి 100 గ్రాములకు 35. కంది, పెసర, మినప, శనగ పప్పులు ఏవైనా పచ్చివి 100 గ్రాములకు 22–24. మీల్ మేకర్ ఎండువి 100 గ్రాములకు 52. వండిన అన్నం 100 గ్రాములకు రెండున్నర. ఇడ్లీ ఒకటి రెండు గ్రాములు.

పచ్చి తూకానికీ వండిన తూకానికీ తేడా గుర్తుంచుకోవాలి. వంద గ్రాముల పచ్చి చికెన్ ఉడికాక 70–75 గ్రాములకు దిగుతుంది, పప్పు ఉడికాక మూడింతలకు ఉబ్బుతుంది. "పప్పులో 22 శాతం ప్రోటీన్" అని చదివి, వండిన పప్పు వంద గ్రాములు తిని 22 రాసుకోవడం చాలామంది చేసే పొరపాటు. అందులో నిజంగా ఉండేది ఏడే.

ఎముకల సూపు సంగతి విడిగా చెప్పాలి. పాయా చల్లారితే గడ్డకడుతుంది కదా, అది జిలాటిన్. అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు కాబట్టి కండ నిలబడటానికి దాన్ని నమ్ముకోలేం. కొల్లాజెన్ పొడులదీ ఇదే కథ. సూపు తాగండి, నీళ్ల లెక్కలో రాసుకోండి. ప్రోటీన్ లెక్కలో రాయకండి.

చిక్కబెట్టడం ఎలా

మొదట పాలు. పావు లీటరు టోన్డ్ పాలలో 8 గ్రాములు ఉంటాయి. అందులోనే 25 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే, అంటే నిండు టేబుల్‌స్పూన్లు మూడు, గ్లాసు పరిమాణం దాదాపు పెరగకుండానే 17 గ్రాములవుతుంది. వేడి పాలలో పొడి వేస్తే ఉండలు కడుతుంది. ముందు చల్లటి పాలు రెండు గరిటెలు తీసుకుని పొడిని పేస్టులా కలుపుకుని, ఆ తర్వాత గోరువెచ్చటి పాలలో పోసి కవ్వంతో చిలకండి. చక్కెర వేయకూడదు. యాలకుల పొడి, చిటికెడు పసుపు, లేదా చక్కెర లేని కోకో చాలు. ఇక ముందు దీన్ని చిక్కపాలు అందాం.

తర్వాత పెరుగు. అర లీటరు పాలతో తోడుపెట్టిన పెరుగును, పులవక ముందే, ఉతికిన పల్చటి నూలుగుడ్డలో పోసి మూటకట్టండి. చిల్లుల గిన్నెలో పెట్టి, కింద ఇంకో గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వదిలేయండి. బయట వేలాడదీస్తే మన ఎండలకు రెండు గంటల్లోనే పులిసిపోతుంది, పుల్లటిది కొత్త పొట్టకు మంటగా ఉంటుంది. కింద తేట నీరు దిగుతుంది, గుడ్డలో వెన్నముద్దలాంటి పెరుగు 200 గ్రాముల దాకా మిగులుతుంది. అందులో 12–13 గ్రాముల ప్రోటీన్. చెంచా నిలబెడితే పడిపోకూడదు, అదీ గుర్తు. మామూలు పెరుగుతో ఇంతే ప్రోటీన్ కావాలంటే నాలుగు వందల గ్రాములు తినాలి, రెండో నెలలో అది అయ్యే పని కాదు. తేటతో పాటు పాలచక్కెర కూడా కొంత పోతుంది కాబట్టి పాలు పడనివారికి ఇదే తేలిగ్గా పడుతుంది. ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, సన్నగా తురిమిన కీరా కలిపితే పెరుగుపచ్చడి తిన్నట్టే ఉంటుంది. ఆ తేటను పారబోయకండి, ఇంట్లో మిగతావారి చపాతీపిండి కలపడానికి పనికొస్తుంది. అమెరికాలో ఉన్నవారికి చక్కెర కలపని గ్రీక్ యోగర్ట్ దొరుకుతుంది. గల్ఫ్‌లో దొరికే లబ్నే చూడ్డానికి అలాగే ఉన్నా కొవ్వు ఎక్కువున్న రకాలు ఉంటాయి, డబ్బా మీద ప్రోటీన్ అంకె చూసి తీసుకోండి.

పప్పు ముద్దలోనూ బలం పెంచవచ్చు. పెసరపప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో జీలకర్ర, ఇంగువ వేసి ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది. దించే ముందు సన్నటి మంట మీద ఒక తెల్లసొనను బాగా గిలకొట్టి సన్నధారగా పోస్తూ ఆపకుండా కలిపితే పప్పులో కలిసిపోతుంది, వాసన రాదు, మూడున్నర గ్రాములు పెరుగుతాయి. గుడ్డు తినని ఇళ్లలో అదే పని పాలపొడి లేదా మెత్తగా చిదిమిన పనీర్ చేస్తుంది.

వారాల వారీగా

మొదటి ఒకటి రెండు రోజులు తేటనీళ్లే. రెండో వారం చివరి దాకా ద్రవాలు. మూడు, నాలుగు వారాలు మెత్తగా రుబ్బినవి, ఐదు ఆరు వారాలు చేత్తో నలిపితే నలిగేవి, ఏడెనిమిది వారాల నుంచి మామూలు తిండి. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో తేదీలు వేరుగా ఉంటే అదే పాటించండి. పొట్టను కోసి కలిపిన అతుకు మానే లెక్క సర్జన్‌కే తెలుసు. ఆకలి లేదు, బాగానే ఉంది అని వారం ముందుకు దూకడం ప్రమాదం.

ద్రవాల రోజుల్లో 60 గ్రాములు తాకడం అందరికీ కాదు. చిక్కపాలు 150 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు తాగితే 30, వే ప్రోటీన్ (పాల తేట నుంచి తీసే ప్రోటీన్ పొడి) అర స్కూపు చొప్పున రెండుసార్లు తాగితే 24. అక్కడికి 54 అయింది. ఒక్కో గ్లాసు అరగంట నుంచి ముప్పావుగంట పట్టేలా గుక్క గుక్కగా తాగాలి. స్ట్రా వద్దు, గాలి లోపలికి పోయి కడుపు ఉబ్బుతుంది.

రుబ్బిన తిండి దశలో గట్టి పెరుగు, మెత్తటి పప్పు, చిదిమిన పనీర్, ముళ్లు తీసిన ఆవిరి చేప మంచివి. చేపను ఉప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరిమీద ఉడికించి, వేళ్లతో పొరలు పొరలుగా విడదీసి ముల్లు ఒక్కటీ లేదని చూసుకోండి. కొర్రమేను, పండుగప్ప, చందువ లాంటి ముళ్లు తక్కువున్నవి తీసుకోవాలి. శీలావతి, బొచ్చెలో సన్న ముళ్లు ఎక్కువ, మొదటి నెలల్లో వాటి జోలికి పోకపోవడమే నయం. ఇంట్లో పులుసు పెట్టినా ముక్కను మాత్రం తీసుకోండి, చింతపండు కారం పులుసును వదిలేయండి.

తినే పద్ధతి

ప్రోటీన్ ముందు, కూర తర్వాత, అన్నం చోటుంటే. ఈ వరస ఎప్పటికీ మారదు. మన కంచంలో అన్నం మధ్యలో ఉంటుంది, మిగతావన్నీ దాన్లో కలుపుకునేవి. ఇప్పుడు కంచం తీసి చిన్న గిన్నె పెట్టుకోండి. టీస్పూనుతో తినండి. ఒక్కో ముద్దను 20–25 సార్లు నమిలి, మింగాక చెంచా కింద పెట్టి, అర నిమిషం ఆగి ఇంకోటి. భోజనం 20–30 నిమిషాల్లో ముగియాలి. అంతకు మించి సాగదీస్తే కిందికి జారిన చోట మళ్లీ నింపుతున్నట్టే.

తింటూ నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టి, తర్వాతి భోజనానికి పావుగంట ముందు దాకా గుక్కలు గుక్కలుగా తాగుతూ రోజుకు లీటరున్నర పూర్తి చేయాలి. మంచినీళ్ల సీసా ఎప్పుడూ చేతికందేలా ఉంటేనే ఇది సాగుతుంది.

పొట్ట నిండిన సంగతి కొత్త గుర్తులతో తెలుస్తుంది. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, తుమ్ము, ఛాతీ మధ్యలో బరువు. వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆపాలి. "ఇంకొక్క ముద్దే కదా" అన్న ఆ ముద్దే వాంతి చేయిస్తుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. పెరుగన్నం, ఉప్మా, టీలో ముంచిన బిస్కెట్, మెత్తటి ఇడ్లీ నోట్లో వేయగానే జారిపోతాయి. చికెన్ ముక్క మాత్రం అడ్డం పడినట్టు ఉంటుంది. దాంతో చాలామంది "నాకు పెరుగన్నం పడుతోంది, మాంసం పడటం లేదు" అని తేల్చేసుకుంటారు. నిజానికి జారిపోయేవి త్వరగా పొట్ట ఖాళీ చేసి మళ్లీ ఆకలి పుట్టిస్తాయి. నిలిచి ఉండేది ప్రోటీనే, ఆ నిండుదనం కోసమే సర్జరీ చేయించుకున్నది. మాంసం పడకపోతే వండే తీరు మార్చాలి గానీ మాంసం మానేయకూడదు.

మాంసం, గుడ్డు గొంతు దిగకపోతే

అడ్డం పడేది చాలావరకు పొడిబారిన మాంసం. ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో వేడిచేసిన నిన్నటి చికెన్ ఇందులో మొదటిది. బ్రెస్ట్ ముక్కకంటే తొడ మాంసం మెత్తగా ఉంటుంది. పెరుగులో రెండు మూడు గంటలు నానబెట్టి, కుక్కర్‌లో ఉడికించి, అదే నీళ్లు రెండు చెంచాలు పోస్తూ మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. ఖీమాలా తడిగా ఉండాలి. పొడిపొడిగా రాలితే ఇంకో చెంచా నీళ్లు. వేటమాంసం నారలు నారలుగా ఉంటుంది కాబట్టి ఖీమా రూపంలోనే, అదీ మూడో నెల తర్వాత. రొయ్య రబ్బరులా సాగుతుంది, దానికీ తొందర వద్దు.

గుడ్డును గట్టిగా ఉడకబెడితే పచ్చసొన పిండిలా గొంతులో అతుక్కుంటుంది. పొరటు చేయండి, కానీ మామూలు పొరటులా ఎర్రగా వేయించవద్దు. గుడ్డులో ఒక చెంచా పాలు పోసి గిలకొట్టి, సన్నటి మంటమీద అర చెంచా నూనెలో కదుపుతూ, ఇంకా తడి మెరుస్తుండగానే దించేయాలి. గిన్నె వేడికే మిగతాది గట్టిపడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మూడో నెల దాకా ఆగాలి.

ఒకవేళ అడ్డం పడితే నోట్లో లాలాజలం ఊరుతుంది, ఛాతీలో పట్టేసినట్టుంటుంది, నురగ వాంతి అవుతుంది. నీళ్లు తాగి కిందికి నెట్టే ప్రయత్నం చేయకండి, కింద దారి మూసుకుని ఉన్నప్పుడు పైన పోసిన నీళ్లు బాధను పెంచుతాయి. లేచి మెల్లగా నడవండి. చాలావరకు కాసేపటికి దిగుతుంది లేదా బయటికి వస్తుంది. ఆ రోజంతా ద్రవాలే తీసుకోండి. కొన్ని గంటలైనా ఉమ్మి కూడా మింగలేకపోతుంటే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రోటీన్ పొడి డబ్బా కొనేటప్పుడు

డబ్బా ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు పట్టిక చదవండి. వంద గ్రాములకు ప్రోటీన్ 70 గ్రాములకు తగ్గకూడదు, చక్కెర స్కూపుకు రెండు మూడు గ్రాములు మించకూడదు. పిల్లల కోసం అమ్మే మాల్ట్ పొడులు, బరువు పెంచే మాస్ గెయినర్లు ఈ పరీక్షలో నిలవవు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, గడువు తేదీ, సీలు చూసుకోండి. పాలు తాగితే కడుపు ఉబ్బేవారికి వే కాన్సంట్రేట్ కంటే వే ఐసోలేట్ మేలు, అందులో పాలచక్కెర బాగా తక్కువ. పాలు అసలే పడకపోతే సోయా ఐసోలేట్ ఉంది.

స్కూపు కొలత మోసం చేస్తుంది. పొడి అణిగితే ఎక్కువ, గుల్లగా ఉంటే తక్కువ. కాటాలో తూచి వేయండి. వేడి పాలలో, మరిగే సూపులో వేస్తే, పాలు విరిగినట్టు పొడి గడ్డలవుతుంది. చల్లటి నీళ్లలో కలుపుకుని, తాగగలిగే గోరువెచ్చదనం ఉన్నదాంట్లో పోయాలి. షేకర్‌లో ఊపితే వచ్చే నురగ తాగితే ఆ గాలంతా చిన్న పొట్టలోకి పోతుంది. పది నిమిషాలు పక్కన పెట్టి నురగ దిగాక తాగండి. సర్జరీ తర్వాత చాలామందికి తీపి వెగటు పుడుతుంది, కాబట్టి వెనిల్లా రెండు కిలోల డబ్బా ముందుగానే కొని పెట్టుకోకండి. రుచి లేని రకం చిన్న ప్యాకెట్ కొంటే మజ్జిగలోనూ పప్పులోనూ ఇమిడిపోతుంది.

ఒక రోజు ఇలా

రెండు మూడు నెలలు దాటినవారికి, మాంసాహారుల లెక్క. ఉదయం ఏడుకు చిక్కపాలు 200 మిల్లీలీటర్లు, 13 గ్రాములు. తొమ్మిదిన్నరకు ఒక గుడ్డు, ఇంకో తెల్లసొన కలిపి పొరటు, తొమ్మిదిన్నర. పన్నెండున్నరకు ఉడికిన చేప 60 గ్రాములు, గరిటెడు గట్టిపప్పు, కలిపి 14. నాలుగింటికి గట్టి పెరుగు 100 గ్రాములు, అందులో చెంచా పుట్నాల పొడి, ఎనిమిది. ఏడింటికి చికెన్ ఖీమా 50 గ్రాములు, 13. పడుకునే ముందు చిక్కపాలు 150, పది. మొత్తం 67 గ్రాముల పైన.

శాకాహారులకు కష్టం ఎక్కువే, కానీ సాధ్యమే. పొడి సాయం లేకుండా మొదటి ఆరు నెలలు నెగ్గుకురావడం అరుదు, అందుకు మొహమాటపడాల్సిన పని లేదు. ఏడుకు చిక్కపాలు 200, 13. తొమ్మిదిన్నరకు 25 గ్రాముల పెసలతో చిన్న పెసరట్టు, నూనె తక్కువగా, మధ్యలో ఉల్లికి బదులు 25 గ్రాముల పనీర్ తురుము, పదిన్నర. పదకొండున్నరకు వే అర స్కూపు, 12. ఒంటిగంటన్నరకు 25 గ్రాముల కందిపప్పు ముద్దపప్పు, పనీర్ 40 గ్రాములు, 13. నాలుగున్నరకు గట్టి పెరుగు 100, ఆరున్నర. ఏడింటికి మీల్ మేకర్ 15 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మిక్సీలో తిప్పి టమాటాతో వండిన కూర, ఏడున్నర. రాత్రి చిక్కపాలు 150, పది. మొత్తం 72. మొలకలు ఆరోగ్యమని మొదటి నెలల్లో తినకండి, తొక్కతో గ్యాస్ పడుతుంది. మీల్ మేకర్ రోజుకు ఒక్కసారి చాలు.

రెండు పట్టికల్లోనూ ఒక్కో పూటకు 7–14 గ్రాములకు మించి లేదు. పొద్దున్నే ఒకపూట తప్పితే రాత్రి రెట్టింపు తినే వీలు ఈ పొట్టకు లేదు. అందుకే ఉదయం పది లోపు 20 గ్రాములు పడితే రోజు గట్టెక్కినట్టే.

మాత్రల వేళలు కూడా ఇందులోనే ఇమడాలి. ఐరన్ మాత్రను పాలతో, టీతో వేసుకోకూడదు. క్యాల్షియం మాత్రకూ ఐరన్‌కూ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. పదకొండున్నరకు పొడి నీళ్లలో కలుపుకుంటున్నారంటే, ఆ తాగడం అయిన చాలాసేపటికి ఐరన్ పెట్టుకోండి, పాల ప్రోటీన్ కూడా ఐరన్‌ను కొంత అడ్డుకుంటుంది.

కార్తీకం, ఉపవాసాలు, బంతి భోజనాలు

కార్తీకమాసం నెలంతా, శనివారాలు, సోమవారాలు మాంసం ముట్టని ఇళ్లు ఎన్నో. ఆ రోజులకు శాకాహార పట్టికను ముందే రాసిపెట్టుకుని, పనీర్, పొడి తెచ్చి ఉంచుకుంటే చాలు. ఏమీ తినకుండా, నీళ్లు తాగకుండా ఉండే ఉపవాసం మాత్రం మొదటి ఏడాది వద్దు. ఏకాదశికి పాలు, గట్టి పెరుగు, పనీర్ తీసుకుంటే ఫలహారం నియమం కూడా చాలామంది ఇళ్లలో చెల్లుతుంది. రంజాన్ ఉపవాసం సంగతి వైద్యుడితో మాట్లాడాకే. పగలంతా నీళ్లు లేకుండా సాయంత్రం ఒకేసారి నింపే వీలు కొత్త పొట్టకు ఉండదు.

పెళ్లికి వెళ్లేముందు ఇంట్లోనే చిక్కపాలో గుడ్డో తీసుకుని వెళ్లండి. విస్తరి ముందు కూర్చున్నాక వడ్డించేవారి బలవంతం ఆపడం కష్టం కాబట్టి బఫే ఉంటే చిన్న పళ్లెంతో అటే వెళ్లండి. గ్రేవీలోంచి రెండు పనీర్ ముక్కలు, ఒక చేపముక్క చాలు. బైపాస్ అయినవారు స్వీటు దగ్గర జాగ్రత్త. చక్కెర నేరుగా పేగులోకి దిగి గుండెదడ, చెమట, కళ్లు తిరగడం, విరేచనం పావుగంట, అరగంటలో మొదలవుతాయి. దీన్నే డంపింగ్ అంటారు.

తక్కువైందని ఎలా తెలుస్తుంది

జుట్టు రాలడం మూడో నెలలో మొదలై చాలామందిని భయపెడుతుంది. వేగంగా బరువు తగ్గితే కొంత రాలడం మామూలే, ఏడాది లోపు చాలావరకు తిరిగి వస్తుంది. ప్రోటీన్, ఐరన్, జింక్ తక్కువైతే అది ఎక్కువై, ఎక్కువ రోజులు సాగుతుంది. బయోటిన్ బిళ్లలు కొనే ముందు ప్రోటీన్ డైరీ చూడండి. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ రక్తపరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు, వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పాలి.

మెట్లెక్కితే తొడలు వణకడం, గోళ్లు విరగడం, గాయం మానకపోవడం, సాయంత్రానికి కాళ్లు ఉబ్బి వేలితో నొక్కితే గుంట పడటం ఆ తర్వాతి గుర్తులు. కాళ్ల వాపు కనిపిస్తే డైరీ సర్దుకుంటూ కూర్చోకుండా డాక్టరును కలవండి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ సాధారణంగా డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉంటుంది. అది దాదాపు మూడు వారాలకు గానీ సగం అరిగిపోదు, అంటే మీరు సరిగా తినడం మానేసిన చాలా రోజులకు గానీ రిపోర్టులో పడిపోదు. ఆల్బుమిన్ బాగుందని ధీమా పడటానికి లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది కాబట్టి తగ్గిన ప్రతిసారీ తిండిలోపం అనుకోవడానికీ లేదు. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, డీ విటమిన్ కలిపి చేయించుకోండి.

వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ప్రోటీన్ సంగతి తర్వాత. ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, వేగంగా అడుగంటుతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మాట తికమక ఉంటే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి వెళ్లినా సరే, పొట్ట సర్జరీ అయిందని మొదటి మాటగా చెప్పండి. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. థయమిన్ కంటే ముందే గ్లూకోజ్ ఎక్కితే మెదడుకు హాని జరగవచ్చు.

రెండో ఏడాది

ఏడాది దాటాక పొట్ట కొంచెం సాగుతుంది, ఆకలి తిరిగొస్తుంది, అన్నం మళ్లీ కంచం మధ్యకు వస్తుంది. పొడి మానేయడానికి ఇదే మంచి సమయం. ఇప్పుడు ఒక పూటకు 80–100 గ్రాముల చేపో చికెనో పడుతుంది, అంటే 20–25 గ్రాములు. మూడు పూటలు, ఒక గట్టి పెరుగు గిన్నెతో లెక్క సరిపోతుంది. సర్జన్ ఒప్పుకున్నాక వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడమో, గోడకు చేతులానించి తోయడం, కుర్చీలోంచి చేతులు ఊనకుండా పదిసార్లు లేచి కూర్చోవడమో చేయాలి. పని చెప్పని కండను తిండి ఒక్కటే నిలబెట్టలేదు.

కాటాను అటక మీద పెట్టేయకండి. నెలకు మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం అయ్యేలా, మళ్లీ తూచి రాయండి. 60 కంటే తక్కువ వస్తే ఎక్కువగా లోపం ఉదయం పూటలోనే దొరుకుతుంది. టిఫిన్ మళ్లీ రెండిడ్లీలకు మారిపోయి ఉంటుంది. ఒక ఇడ్లీ తీసేసి ఆ చోట గుడ్డు పెట్టండి.